తలుపు దగ్గర మనిషి

పెళ్ళయి కోల్డ్ స్టోరేజీ మెషిన్ రూము పక్క క్వార్టర్‌లో కాపురం పెట్టిన కొత్తలో మమ్మల్ని చూడవచ్చిన వాళ్ళంతా ముందు చెవులు మూసుకునేవారు. "గీ చప్పుడుల ఎట్ల పంటానవే?" అని మా చిన్నమ్మ అడిగింది. అడిగిన మనిషి పవర్‌లూమ్ పక్కన పుట్టి, పవర్‌లూమ్ ఉన్న ఇంటికే కోడలిగా వెళ్ళి, ఇవాళ్టికీ ఆ దడదడల మధ్యే వంట చేసుకుంటున్న మనిషి. నాకు ఒళ్ళు మండింది. ఎవరి చప్పుడు వాళ్ళకు వినపడదు కాబోలు. నేనూ వరంగల్‌లో ఆ మగ్గాల వాడలోనే పెరిగాను. అవతల మగ్గాలు ఆడుతుంటే ఇవతల గోడకు వీపు ఆనించి చదువుకుని ఇంటర్ పాసయ్యాను. కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే మా ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేది. అందుకని కంప్రెసర్ పక్కన కాపురమంటే నేనేమీ జంకలేదు.

జంకాల్సింది చప్పుడుకు కాదని తర్వాత తెలిసింది. మా ఆయన మాట్లాడడు.

కోపం వచ్చి మాట్లాడకపోవడం కాదు. కోపమైతే తీర్చుకోవచ్చు. ఆయన తత్వమే అంత. అన్నం పెడితే తినేవాడు, ఉప్పు ఎక్కువైతే మజ్జిగ ఎక్కువ పోసుకునేవాడు, లేచి వెళ్ళిపోయేవాడు. "కూర ఎట్లుంది?" అని అడిగితే "ఉంది" అనేవాడు. ఉందని నాకూ తెలుసు, వండింది నేనే.

ఆయన ఆ కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్. మార్కెట్ యార్డు దాటి, ఇళ్ళు పలచబడే చోట ఉంటుందది. మిర్చి కోతలయ్యాక లారీల మీద బస్తాలు వచ్చి గదుల్లో కప్పుదాకా చేరతాయి. ధర వచ్చినప్పుడు రైతులూ వ్యాపారులూ కొన్ని కొన్నిగా తీసుకుపోతారు. మళ్ళీ కొత్త పంట దిగేలోగా గదులు ఖాళీ అవుతాయి. అందాకా ఆ గదులు చల్లగా ఉండాలి. చల్లగా ఉంచేది అమ్మోనియా గ్యాస్. ఆ గ్యాస్‌ను పైపుల్లో తిప్పేది కంప్రెసర్. కంప్రెసర్‌ను చూసుకునేది మా ఆయన. మా ఆయనను చూసుకునేది నేను. నన్ను చూసుకునేది ఎవరని అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

మెషిన్‌కు ఆయన చేసే సేవ చూస్తే ఎవరికైనా అసూయ పుడుతుంది. పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా వెళ్ళి మెషిన్‌లో ఆయిల్ మట్టం చూపే గ్లాసు చూసేవాడు. బెల్టులు వదులయ్యాయేమోనని బొటనవేలితో నొక్కి చూసేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా గ్యాస్ కారుతోందని అనుమానం వస్తే గంధకం పూసిన పుల్ల అంటించి పైపుల కీళ్ళ దగ్గర తిప్పేవాడు. కారుతున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. మెషిన్ సిలిండర్ తల మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు. నాకు జ్వరం వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలోనే నిలబడి "గోలీ ఏసుకున్నవా?" అనేవాడు. నుదుటి మీద చెయ్యి పెట్టిన గుర్తు నాకు లేదు. ఆ చెయ్యి ఎప్పుడూ ఆయిల్‌తోనే ఉండేది, అది వేరే సంగతి.

పనులన్నిటిలోకీ జాగ్రత్త పని ఆయిల్ తీయడం. మెషిన్‌లో పోసిన ఆయిల్ కొంచెం కొంచెం గ్యాస్‌తో కలిసి పైపుల్లోకి పోయి, చివరికి కింద ఒక ఇనుప కుండలో చేరుతుంది. వారం వారం ఆ కుండ వాల్వ్ తిప్పి ఆయిల్‌ను బకెట్లోకి వదలాలి. వట్టి ఆయిలే వస్తే బాధ లేదు. దాని వెనకే గ్యాస్ బుసబుసమంటూ వస్తుంది. వాల్వ్ దగ్గర ఉన్న మనిషి చెయ్యి తీయకూడదు, పక్కకు చూడకూడదు. ఒక్క క్షణం ఆలస్యంగా మూస్తే కళ్ళు కనపడవు, ఊపిరి ఆడదు. అందుకే ఆ పని ఒంటరిగా చెయ్యకూడదని నియమం. ఒకరు వాల్వ్ దగ్గర, ఒకరు తలుపు దగ్గర. తలుపు దగ్గర మనిషికి ఏ పనీ ఉండదు. తడి తువ్వాలు పట్టుకుని నిలబడాలి, అంతే.

మొదట్లో కోల్డ్ స్టోరేజీ యజమాని సేటు ఆ పనికి ఒక హమాలీని పంపేవాడు. అతను బస్తాలు మోయడంలో మొనగాడు కానీ ఊరికే నిలబడడం అతనివల్ల అయ్యేది కాదు. బీడీ కోసమని గేటుదాకా వెళ్ళి అక్కడే కబుర్లలో పడేవాడు. ఒకరోజు నేను బట్టలు ఆరేస్తుంటే మా ఆయన మాస్కు వేసుకుని మెషిన్ రూములో ఒక్కడే కనపడ్డాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. నేను బకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళి నిలబడ్డాను. ఆయన పని అయ్యాక బయటికి వచ్చి నన్ను చూశాడు. తర్వాత మా పెళ్ళి అయినప్పటి నుంచీ నాతో ఆడనన్ని మాటలు ఆ ఒక్కరోజే ఆడాడు.

"నేను లోపటి నుంచి ఉన్నవా అని పిలుస్త. నువ్వు ఉన్న అనాలె. గంతే."

"ఇంకేం అనొద్దా?"

"ఇంకేం అనకు. నీ గొంతు ఇనవడ్డదంటే గ్యాస్ నీ దాంక రాలేదన్నట్టు. నా గొంతు ఇనవడ్డదంటే నేను మంచిగున్నట్టు."

"నువ్వు పిలువకుంటే?"

"పిలుస్తలేనంటే నేను పడ్డట్టు. లోపటికి రావద్దు. బయట మెయిన్ బంద్ జేసి హమాలీలను పిలువు."

"నువ్వు పడ్తే నేను లోపటికి రావద్దా?"

"వస్తే ఇద్దరం పోతం. ఎందుకు?"

ఆ 'ఎందుకు' అన్న తీరు నాకు నచ్చలేదు. కానీ తర్వాతి వారం నుంచి తలుపు దగ్గర మనిషిని నేనే అయ్యాను. సేటుకు కూడా అదే సుఖంగా ఉండి ఏమీ అనలేదు.

అలా నా జీవితంలో వారానికో రోజు మా ఆయన నన్ను అదేపనిగా పిలిచే రోజు అయింది. కుట్టుమిషన్ మీద జాకెట్టు సగంలో ఉన్నా వదిలేసి వెళ్ళేదాన్ని. తువ్వాలు తడిపి భుజాన వేసుకునేదాన్ని. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి తలుపుకు అటువైపు నిలబడేదాన్ని. కుండ దగ్గర ఆయన వంగి ఉండేవాడు, నాకు వీపు మాత్రం కనపడేది. అక్కడున్న రెండు మెషిన్లలో ఒకటి ఆపినా రెండోది నడుస్తూనే ఉండేది కనుక ఇద్దరం గొంతు చించుకోవాల్సిందే. మాస్కులోంచి వచ్చే ఆయన గొంతు బిందెలోంచి వచ్చినట్టుండేది.

"ఉన్నవా?"

"ఉన్న!"

ఆయిల్ జారే చప్పుడు. మళ్ళీ కాసేపటికి "ఉన్నవా?" మళ్ళీ "ఉన్న!" బుసబుస మొదలవగానే వాల్వ్ బిగించేవాడు. లేచి, చేతులు విదిలించి, మాస్కు తీసేసేవాడు. తీసేశాక ఇంకోసారి, ఈసారి తన సొంత గొంతుతో, అడిగేవాడు.

"ఉన్నవా?"

"ఉన్న, ఏడికి పోత?" అని విసుక్కుంటూ నేను అప్పటికే ఇంటి దారి పట్టేదాన్ని. పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది. ఆ చివరి 'ఉన్నవా' కూడా పనిలో భాగమేనని అనుకున్నాను. ఆయన నియమాలు ఆయనవి. మెషిన్ ఆపేముందు కూడా దాని చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు, ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

మాకు పిల్లలు లేరు. తిరగాల్సిన దవాఖానలు తిరిగాం, మొక్కాల్సిన చోట్ల మొక్కాం, ములుగు అవతల ఎవరో వేరు మందు ఇస్తారంటే జీపులో ఎగుడుదిగుడు దారి పట్టి అక్కడికీ పోయి వచ్చాం. ఆ తర్వాత ఆ మాట ఎత్తడం మానేశాం. మానేసినప్పటి నుంచి ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకొక విషయం తగ్గింది.

ఒకసారి నేను గట్టిగానే పోట్లాడాను. మా తమ్ముడి కూతురు పెద్దమనిషైన ఫంక్షన్‌కు పోవాలంటే, ఆయిల్ తీసే రోజు కనుక కుదరదన్నాడు. ఆ మాట అన్నది కూడా నా మొహం చూసి కాదు, బెల్టు మొహం చూసి.

"నేను నీకు పెళ్ళాన్నా, వాచ్‌మెన్‌నా?" అని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. అదే నాకు ఇంకా మంట పుట్టించింది.

"వాచ్‌మెన్ అయితే నిద్రవోతడు" అన్నాడు.

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక పెళ్ళికి కొన్న స్టీలు చెంబు విసిరికొట్టాను. దానికి సొట్ట పడింది. మర్నాడు ఆయన దాన్ని మెషిన్ రూముకు తీసుకుపోయి సుత్తితో సరిచేసి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. ఫంక్షన్‌కు మాత్రం పోలేదు. నా ప్రశ్నకు జవాబూ రాలేదు. చెంబు సొట్ట తీయడం జవాబంటారా? నాకు కావలసింది మాట. నా సొంత మొగుడికి నేను ఏమవుతానో ఆయన నోటితో వినాలని ఉండేది. ఇది పెద్ద కోరికేం కాదు. పక్క క్వార్టర్ వాచ్‌మెన్ తాగి వచ్చి పెళ్ళాన్ని బంగారం అనేవాడు, ఊరంతా వినేది.

ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది ఒక మధ్యాహ్నం. అన్నం కలుపుకుంటూ ఆగిపోయాడు. ఆటోలో హనుమకొండలో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. దారి పొడుగునా చెమటలు. నా భుజానికి తల ఆనించి కూర్చున్నాడు. జనం ముందు ఎన్నడూ అలా కూర్చోని మనిషి. ఐసీయూ లోపలికి తీసుకుపోయి అద్దం తలుపు వేసేశారు. నన్ను రావద్దన్నారు. లోపలికి పోకుండా తలుపు దగ్గర నిలబడడం నాకు వచ్చినంత ఎవరికీ రాదు.

చాలాసేపటికి ఒక నర్సు తల బయట పెట్టి, ఆయన పేరు చదివి, "ఈయన తాలూకు ఎవరన్నా ఉన్నరా?" అని మెల్లగా అడిగింది.

"ఉన్న!" అని అరిచాను. మెషిన్ నడుస్తున్నప్పుడు అరిచినట్టు అరిచాను. వరండాలో కూర్చున్న వాళ్ళందరూ ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. నర్సు "గట్ల అరువద్దమ్మా" అంది. నేను తలుపు సందులోంచి ఆయనను చూశాను. మూతికి మాస్కు ఉంది. ఆ మాస్కులోంచి ఒక్కసారి పిలుస్తాడని చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. ఆయన పిలవలేదు. పిలవకపోతే పడ్డట్టు అని ఆయనే చెప్పాడు. కానీ ఇక్కడ బంద్ చెయ్యడానికి మెయిన్ లేదు, పిలవడానికి హమాలీలు లేరు. సాయంత్రానికి అయిపోయింది.

కోల్డ్ స్టోరేజీ ఆగలేదు. గదుల నిండా మిర్చి ఉంది. ఆయనను ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడు కూడా వెనక మెషిన్ నడుస్తూనే ఉంది. సేటు వేరే చోటి నుంచి ఎవరినో తెప్పించి నడిపించాడు. అది తప్పని నేను అనను. మెషిన్ ఆగి ఉంటే నేను తట్టుకునేదాన్ని కాదేమో.

పెద్దకర్మ అయ్యాక సేటు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. "ఫికర్ జెయ్యకమ్మా. గదులు ఖాళీ అయ్యేదాంక క్వార్టర్‌లనే ఉండు. కొత్త ఆపరేటర్ హనుమకొండల ఉంటడు, బండి మీద వచ్చిపోతడు. కొత్త పంట దిగే ముందటికి మాత్రం క్వార్టర్ కావాలె" అన్నాడు. మంచిగానే అన్నాడు. మా తమ్ముడు అప్పుడే తీసుకుపోతానన్నాడు. నేనే కదలలేదు. పోయేలోగా ఒక సంగతి తేలుతుందేమోనని నా ఆశ. నేను ఆ మనిషికి పెళ్ళాన్నా, తలుపు దగ్గర మనిషినా? అడగడానికి మనిషి లేడు, సరే. కానీ ఒక మనిషి అన్నేళ్ళు బతికిన ఇంట్లో ఎక్కడో ఒకచోట జవాబు మిగిలి ఉండదా అని.

వెతికాను. సిగ్గు లేకుండా వెతికాను. ఆయన ఫోన్ తెరిచి ఫొటోలు చూశాను. మీటర్ల ఫొటోలు. మంచు పట్టిన పైపులు. తెగిన బెల్టు, దాని పక్కన కొత్త బెల్టు. ఒకే బేరింగును అటు నుంచి, ఇటు నుంచి, పై నుంచి. ఏదైనా చెడిపోతే కంపెనీ ఇంజనీరుకు పంపేవాడు కదా, అవన్నీ. జరిపి జరిపి వేలు నొప్పి పుట్టింది. ఒక ఫొటోలో కండెన్సర్ పైపుల వెనక తాడు మీద నా చీర ఆరుతోంది. అంతే, అదే నా ఫొటో. ఫోన్ మంచం మీద పడేసి, లేని మనిషిని నోటికి వచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి అలసిపోయాక ఏడుపు వచ్చింది.

రోజులు ఎట్లా గడిచాయంటే, గడిచాయి. ఒక్కదానికి వండుకోవడం ఎంత చిరాకో వండుకున్న వాళ్ళకే తెలుస్తుంది. పప్పు ఎంత తక్కువ పోసినా మిగిలేది. మొదట్లో బ్లౌజులు కుట్టించుకునే వాళ్ళు వచ్చి కాసేపు కూర్చునేవారు. తర్వాత బట్ట ఇచ్చి గుమ్మం నుంచే పోయేవారు. దుఃఖం ఉన్న ఇంట్లో ఎక్కువసేపు కూర్చోవడం ఎవరికైనా ఇబ్బందే. టీవీ పెట్టుకుంటే దానికి జవాబు చెప్పాల్సిన పని లేదు, అదీ ఒక లోటే. వారం గడిచి ఆయిల్ తీసే రోజు వస్తే మాత్రం కాళ్ళు నిలిచేవి కావు. నన్ను ఎవరూ పిలవడం లేదన్న సంగతి మిగతా రోజుల్లో మరిచిపోవచ్చు, ఆ రోజు మరిచిపోలేకపోయేదాన్ని.

కొత్త ఆపరేటర్ ముప్పై దాటిన మనిషి, ఖమ్మం వైపు కోల్డ్ స్టోరేజీలో చేసి వచ్చాడు. పనిమంతుడు. మెషిన్ రూమును కడిగి, వాల్వులన్నిటికీ రంగు వేశాడు. అతను వచ్చిన కొత్తలో ఒకరోజు ఆయిల్ తీయడానికి మాస్కు తగిలించుకుని లోపలికి పోవడం కిటికీలోంచి చూశాను. తలుపు దగ్గర హమాలీ నిలబడ్డాడు. కాసేపటికి లారీ వచ్చిందని ఎవరో కేకేస్తే హమాలీ అటు పోయాడు. నేను ఆగలేకపోయాను. తువ్వాలు తడుపుకుని పరుగున వెళ్ళి నిలబడ్డాను. లోపల అతని వీపు కనపడుతోంది. పిలుపు లేదు. ఇంకా లేదు. ఆ నిశ్శబ్దం నాకు దవాఖాన తలుపు దగ్గర తెలిసిన నిశ్శబ్దం. ఎవరూ అడగకుండానే అరిచాను.

"ఉన్న!"

అతను అదిరిపడి లేచాడు. చేతిలోని బకెట్టు కింద పడి, అందులో ముందటి వారం మిగిలిన ఆయిల్ కాళ్ళ మీదుగా పారింది. మాస్కు పైకి లాగి బయటికి వచ్చాడు.

"ఎవరది? గట్ల అరుస్తరా అక్కా? ఇంకా వాల్వ్ తెరువనే లేదు! తెరిచి ఉంటే ఏమైతుండె?"

"పిలుస్తలేవని..."

"తెరిచినప్పుడు పిలుస్త గద! మీరు పోర్రి అక్కా, ఇక్కడ నిలవడొద్దు. మీ ఆరోగ్యానికి మంచిది గాదు."

మర్యాదగానే అన్నాడు. న్యాయంగానే అన్నాడు. అయినా ఆ తలుపు దగ్గరి నుంచి నన్ను పొమ్మన్న మొదటి మనిషి అతను. ఇంటికి వచ్చి తువ్వాలు పిండి ఆరేశాను. ఆ తర్వాత ఆయిల్ తీసే రోజున కిటికీ మూసుకుని కుట్టుమిషన్ గట్టిగా తొక్కేదాన్ని.

సీజన్ చివరికి వచ్చింది. చివరి లారీ బస్తాలు ఎత్తుకుని పోయింది. గదుల తలుపులు బార్లా తీసి ఎండ తగలనిచ్చారు. ఏటా ఈ రోజుల్లోనే మెషిన్లు ఆపి, గ్యాస్ అంతా ఒక ట్యాంకులోకి లాగి, అన్నీ విప్పి శుభ్రం చేస్తారు. మెషిన్ ఆగిన రోజు నాకు చిన్నప్పటిలాగే ఉలిక్కిపడి మెలకువ వచ్చింది. ఇక నిద్ర పట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, ఆటో మాట్లాడుకుని మర్నాడు రమ్మన్నాను. గిన్నెలు గోనెసంచిలో వేశాను. సొట్ట తీసిన చెంబును చీరలో చుట్టి విడిగా పెట్టుకున్నాను. నా ప్రశ్నకు జవాబు దొరకలేదు. దొరకకుండానే పోవాలని ఒప్పుకున్నాను.

అప్పుడు గుమ్మంలో కొత్త ఆపరేటర్ నిలబడ్డాడు. చెప్పులు విడిచి, చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, హమాలీలందరు పోయిండ్రు. కుండల మిగిలిన ఆయిల్ తియ్యాలె, దాంట్ల జర గ్యాస్ గూడ ఉంటది. ఒక్కణ్ణే తియ్యొద్దు గద. జర వచ్చి నిలవడతరా?"

నేను తువ్వాలు తడిపాను. బింకం చూపించుదామని అనుకున్నాను కానీ కాళ్ళు నా మాట వినలేదు.

మెషిన్ రూములో సీజన్ నడిచినన్నాళ్ళూ లేని నిశ్శబ్దం. ఈగ వాలినా వినపడేట్టుంది. నేను నా చోట నిలబడ్డాను. అతను మాస్కు పెట్టుకుని వంగి వాల్వ్ మీద చెయ్యి వేశాడు.

"ఉన్నరా అక్కా?"

"ఉన్న!" అలవాటుగా అరిచేశాను. గోడలు మోగాయి. అతని భుజాలు కదిలాయి, నవ్వుకున్నట్టున్నాడు. నాకూ నవ్వు వచ్చింది. ఆయిల్ బకెట్లోకి జారుతోంది. నడుమ మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను. కాస్త ఘాటు వచ్చి కళ్ళు మండాయి, తువ్వాలు ముక్కుకు పెట్టుకున్నాను. బుసబుసమనగానే వాల్వ్ బిగించాడు. "బంద్" అన్నాడు. లేచాడు. మాస్కు తీశాడు. నేను నిలబడి ఉన్నాను. అతను సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి పోయాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి ఆగాడు.

"అయిపోయింది అక్కా. పోర్రి ఇగ."

"ఇంకోసారి అడుగవా?"

"ఏమని?"

"ఉన్నరా అని. మాస్కు తీసినంక."

అతనికి అర్థం కాలేదు. "వాల్వ్ మూసినంక ఏమని అడుగుత అక్కా? గ్యాసే లేదు. తెరిచినప్పుడు అడుగుడు, నడుమ నడుమ అడుగుడు. మూసినంక ఇంటికి పోవుడే."

"మీ పాత దగ్గర గూడ అడుగరా?"

"ఏడ గూడ అడుగరు. అడిగి ఏం లాభం?"

"ఆయన అడిగేటోడు" అన్నాను.

అతను చేతిగుడ్డను భుజాన వేసుకున్నాడు. "జాగ్రత్త అక్కా, పోయొస్త" అని బండి దగ్గరికి వెళ్ళాడు. బండి చప్పుడు గేటు దాటి, రోడ్డెక్కి, వినపడకుండా పోయింది.

ఏ లాభమూ లేకుండా, పని అయిపోయాక, మాస్కు తీసేసి, సొంత గొంతుతో. వారం వారం, అన్నేళ్ళు. గ్యాస్ కోసం కాదు. నేను విసుక్కుంటున్నా అడిగాడు, పోట్లాడిన వారాల్లోనూ అడిగాడు. నా జవాబు వినపడ్డాకే చేతులు కడుక్కునేవాడు. ఫోనంతా వెతికాను, ఇల్లంతా వెతికాను, అది నా చెవిలోనే ఉంది. మొద్దు మనిషి. ఒక్కసారైనా చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఆ తలుపు చెక్కను పట్టుకుని, ఎవరూ లేరు కనుక, కడుపారా ఏడ్చాను.

తర్వాత ముఖం తుడుచుకుని, ఆయన లేచి నిలబడే చోటు వైపు చూశాను. మెషిన్ ఆగి ఉంది. అరవాల్సిన పని లేదు. మామూలు గొంతుతోనే చెప్పాను.

"ఉన్న. ఏడికి పోత?"

మర్నాడు పొద్దున్నే మా తమ్ముడు ఆటో తీసుకుని వచ్చాడు.